రిజ్క్ అనే గ్రహం

మా ఇంట్లో దస్తర్‌ఖ్వాన్ పరిచినప్పుడల్లా అమ్మీ నోట ఒకటే మాట. "రిజ్క్ నీచే నక్కో గిరావ్ బేటా." ఒక్క మెతుకు కింద పడినా ఏరి, కళ్ళకద్దుకుని, గోడ మీద పిచ్చుకలకు పెట్టేది. రిజ్క్ అంటే అన్నమే అనుకునేవాళ్ళం చిన్నప్పుడు. పెద్దయ్యాక తెలిసింది, అన్నం అందులో ఒక భాగమే అని. మన వంతుగా అల్లా రాసిపెట్టిన ప్రతిదీ రిజ్కే. తిండి, ఇల్మ్, ఔలాద్, సాయంకాలం నలుగురితో కూర్చుని తాగే చాయ్ కూడా.

అరవై ఏళ్ళుగా అంత ఇంటిమాటగా ఉన్న ఆ లఫ్జ్‌ని అమెరికాలో ఒక గ్రహం పేరుగా విన్నాను. ఆ గ్రహం ఉన్న నక్షత్ర మండలం పేరు ఇల్లియూన్ అట. ఖురాన్ చదివినవాళ్ళకు ఉలిక్కిపాటు కలిగించే పేరు అది. సూరె ముతఫ్ఫిఫీన్‌లో నేకీ చేసినవాళ్ళ అమల్‌నామా ఉండే చోటుకు ఉన్న పేరు. ఆ మండలంలోని రిజ్క్ గ్రహం నుంచి భూమ్మీదకు వచ్చానని చెప్పుకున్న ఒక మనిషి, జార్జియా రాష్ట్రంలోని ఒక పల్లె పక్కన పిరమిడ్లు కట్టించాడు. ఆకాశం నుంచి ఓడ దిగుతుందన్నాడు. జనం నమ్మారు. వాళ్ళ కథ చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, దోస్తులారా. నవ్వుకోవడానికి కాదు. నవ్వడం మొదలుపెడితే ఆ నవ్వు తిరిగి తిరిగి మన గుమ్మం ముందుకే వస్తుంది.

బిటియా కాన్పు కోసం నేనూ, మా బేగమూ అట్లాంటాకు వెళ్ళాం. అక్కడి శివార్లలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, కిరాణా దుకాణంలో గోంగూర కట్టల దగ్గర ఇంగ్లీషు అవసరమే రాదు. జుమ్మాకు వెళ్ళే మస్జిద్‌లో మాత్రం సఫ్‌లో నా పక్కన నల్లజాతి ముసల్మానులు నిలబడేవారు. వాళ్ళలో ఒక పెద్దాయనతో దోస్తీ కుదిరింది. చాచా అని పిలిచేవాణ్ణి, ఆ పిలుపు ఆయనకు నచ్చింది. ఒకరోజు ఆయన దగ్గర అత్తరు వాసన బాగుందంటే, కుర్రతనంలో బ్రూక్లిన్‌లో ఉండేవాణ్ణనీ, అక్కడ రైలు స్టేషన్ల దగ్గర తెల్ల జుబ్బాలు వేసుకున్న కుర్రాళ్ళు అమ్మే అత్తరు కొనేవాణ్ణనీ చెప్పాడు. అన్సార్లు అనేవారట వాళ్ళని. తర్వాత ఆ అన్సార్లు ఏమయ్యారని అడిగాను. వాళ్ళు ఇక్కడికే వచ్చారు, జార్జియాకు, అని ఆగాడు. ముసల్మానులుగా మాత్రం రాలేదు, అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఒక ఆదివారం దామాద్‌ని అడిగి ఈటన్‌టన్ వైపు బయలుదేరాను. అట్లాంటా నుంచి గంటన్నర దారి. పట్నం కౌంటీ ముఖ్య పట్టణం అది. దారిలో రాక్ ఈగిల్ దగ్గర ఆగాం. తెల్లని పలుగురాళ్ళు పేర్చి చేసిన పెద్ద పక్షి ఆకారం, రెక్క చివర నుంచి రెక్క చివరకు 120 అడుగులు. తెల్లవాళ్ళు ఆ నేల మీద కాలు పెట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందు అక్కడి ఆదివాసులు పేర్చిన రాళ్ళవి. పేర్చినవాళ్ళ సంతతిని ఆ నేల మీద నుంచి తరిమేశారు. రాళ్ళు మిగిలాయి.

ఈటన్‌టన్ చిన్న ఊరే గానీ సాహిత్యంలో పెద్దది. నల్ల బానిసలు చెప్పుకునే కుందేలు కథల్ని అంకుల్ రీమస్ పేరుతో రాసి పేరు తెచ్చుకున్న తెల్ల రచయిత జోయెల్ చాండ్లర్ హారిస్ అక్కడివాడే. 'ది కలర్ పర్పుల్' రాసిన ఆలిస్ వాకర్ 1944లో అక్కడే పుట్టింది. ఆమె తల్లిదండ్రులు పరాయి భూమిలో పాలుకు సేద్యం చేసిన బీదలు. ఒకే ఊళ్ళో నల్లవాళ్ళ కథల్ని వేరొకరు చెప్పి ఖ్యాతి పొందడమూ జరిగింది, నల్లపిల్ల తన కథ తానే చెప్పుకోవడమూ జరిగింది. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఊరు దాటి షేడీ డేల్ రోడ్డు మీద కొంత దూరం పోయాక దామాద్ కారు నెమ్మది చేశాడు. కంచె, గడ్డి, పైన్ చెట్లు. అంతే. ఇక్కడేనా అన్నాను. ఫోన్ చూసి, ఇక్కడే మామూ, అన్నాడు. ఒకప్పుడు ఈ రోడ్డు మీద పోతున్నవాళ్ళకు చెట్ల వెనుక నుంచి పిరమిడ్ కొనలు కనిపించేవి. ఇప్పుడు అడుగు రాయి కూడా కనిపించలేదు.

కథ మొదలైంది ఇక్కడ కాదు, న్యూయార్క్‌లో. డ్వైట్ యార్క్ అనే యువకుడు 1960లలో జైలుకు వెళ్ళి వచ్చి బ్రూక్లిన్‌లో ఒక చిన్న జమాత్ మొదలుపెట్టాడు. అప్పటికే ఆ శహర్‌లో నల్లజాతి ముసల్మానుల మస్జిద్‌లు ఉన్నాయి. స్టేట్ స్ట్రీట్‌లో షేక్ దావూద్ ఫైసల్ నడిపిన మస్జిద్ పేరున్నది, యార్క్ కూడా అక్కడికి వెళ్ళినవాడే. అతని జమాత్‌కు పేర్లు మారుతూ వచ్చాయి. 1970లలో నిలబడిన పేరు అన్సారుల్లా కమ్యూనిటీ. మదీనాలో రసూలుల్లాకు ఆశ్రయమిచ్చిన అన్సార్ల పేరది. సూడాన్‌లో 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళని, ఈజిప్టు పాలకుల్ని ఎదిరించిన మహ్దీ ముహమ్మద్ అహ్మద్ అనుచరులకూ అదే పేరు. ఆ మహ్దీకి తాను మునిమనవణ్ణని యార్క్ చెప్పుకున్నాడు. మహ్దీ 1881లో తనను తాను ప్రకటించుకున్నది నైలు నదిలోని అబా అనే దీవిలో. యార్క్ న్యూయార్క్ కొండల్లో కొన్న శిబిరానికి ఆ దీవి పేరే పెట్టాడు.

డ్వైట్ యార్క్ ఇమామ్ ఈసా అయ్యాడు. ఆ తర్వాత ఇంకా పొడుగాటి అల్ఖాబ్ చేరాయి. బుష్‌విక్ అవెన్యూలో మస్జిద్ వెలిసింది. మగవాళ్ళకు తెల్ల జుబ్బా, అమామా. ఆడవాళ్ళకు నఖాబ్. మత్తుమందులు, తుపాకులు రాజ్యమేలుతున్న వీధుల్లో నమాజూ, సఫాయీ, క్రమశిక్షణ తెచ్చారని చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. చాచా ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఇంకా కొంత మొహబ్బత్ ఉంది. తన చిన్నతనంలో నల్ల మనిషిని నల్ల మనిషే సలామ్ చెప్పి, అఖీ అని పిలిచిన మొదటి చోటు అదే అన్నాడు.

లోపల మాత్రం లెక్క వేరు. చేరినవాళ్ళు సంపాదన మొత్తం జమాత్‌కు ఇవ్వాలి. మియా బీవీలు వేర్వేరు చోట్ల, పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా మరోచోట. రోడ్ల మీద అత్తర్లు, ఊదుబత్తులు, ఇమామ్ సాబ్ రాసిన కితాబులు అమ్మాలి. రోజుకింత తేవాలని కోటా. కితాబులైతే వందల్లో వచ్చాయి. 1988లో బిలాల్ ఫిలిప్స్ అనే ఆలిం ఈ జమాత్ మీద ఒక పుస్తకమే రాశాడు, ఇది ఇస్లాం కాదని దలీల్ చూపిస్తూ. అతని వాదన మొత్తం అఖీదా చుట్టూ తిరుగుతుంది. లోపలి పిల్లల కథ బయటికి రావడానికి ఇంకా పద్నాలుగేళ్ళు పట్టింది.

1990ల మొదట్లో యార్క్ ఇస్లాం చొక్కా విప్పేశాడు. కొన్నాళ్ళు యూదుల, క్రైస్తవుల మాటలు. జార్జియాకు వచ్చిన కొత్తలో కౌబాయ్ టోపీలు. ఆ తర్వాత ఫిరౌన్ల కిరీటాలు. చివరకు మనుషుల్ని నువాబియన్లు అన్నాడు, తన బోధకు నువాబు అని పేరు పెట్టాడు. ఇది మజ్‌హబ్ కాదు, సరైన ఇల్మ్ అన్నాడు. తాను మనిషినే కాదు, రిజ్క్ నుంచి వచ్చిన ముర్షిద్‌నన్నాడు. 2003లో ఓడలు దిగి 1,44,000 మందిని ఎక్కించుకుపోతాయన్నాడు. ఆ అంకె ఇంజీల్ చివరి భాగమైన ప్రకటన గ్రంథంలోది. నిబిరు అనే పేరేమో 1976లో జెకరియా సిచిన్ రాసిన పుస్తకంతో లోకమంతా పాకినది.

ఇదంతా ఒక్క బుర్రలో హఠాత్తుగా పుట్టిన పిచ్చి అనుకుంటే పొరపాటు. అమెరికా నల్ల బస్తీల్లో దీనికి పాత సిల్‌సిలా ఉంది. మీరు నీగ్రోలు కాదు, మూర్లు, మీ అసలు మజ్‌హబ్ ఇస్లాం అని నోబుల్ డ్రూ అలీ 1920లలో షికాగోలో చెప్పాడు. 1930లో డెట్రాయిట్‌లో నేషన్ ఆఫ్ ఇస్లాం పుట్టింది. దాని నాయకుడు ఎలైజా ముహమ్మద్ ఆకాశంలో తిరిగే ఒక మహా చక్రం గురించి చెప్పేవాడు. మదర్ ప్లేన్ అని దాని పేరు. బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త చూసిన చక్రాల రథం అదేనన్నాడు. జాలిమ్‌ల మీద అది ఆకాశం నుంచి బాంబులు వేస్తుందన్నాడు. నేల మీద ఏ అదాలత్‌లోనూ ఇన్సాఫ్ దొరకని జనానికి ఇన్సాఫ్ పైనుంచే రావాలి మరి. మన దగ్గర ఖయామత్ రోజు కోసం ఎదురుచూసే బీదవాడికీ, ఓడ కోసం ఎదురుచూసిన ఆ బీదవాడికీ మధ్య దూరం నాకు అంత ఎక్కువగా కనిపించలేదు.

1993లో యార్క్ మనుషులు పట్నం కౌంటీలో 476 ఎకరాలు కొన్నారు, దాదాపు 9,75,000 డాలర్లకు. ఆ డబ్బులో బ్రూక్లిన్ చలిలో నిలబడి అత్తరు అమ్మిన కుర్రాళ్ళ చెమట ఎంతో ఉంది. అక్కడ లేచింది తమా-రే. పశ్చిమాన వెలసిన మిస్ర్ అని చెప్పుకున్నారు. 40 అడుగుల ఎత్తు పిరమిడ్, మరోటి నల్ల పిరమిడ్. స్ఫింక్స్, స్తంభాలు, నల్ల ముఖాలతో ఫిరౌన్ల విగ్రహాలు, చిత్రలిపి రాసిన ముఖద్వారం, దాని దగ్గర పహరా. నల్ల పిరమిడ్‌లో జపం ఆగకుండా వినిపించేది. జూన్ నెలాఖరులో యార్క్ పుట్టినరోజు జాతరకు వేలమంది వచ్చేవారు. మామూలు రోజుల్లో అక్కడ ఉండేది వందమందో, కొన్ని వందలమందో. వాళ్ళ నివాసం పిరమిడ్లలో కాదు, చక్రాల మీద నిలబెట్టిన రేకు ఇళ్ళల్లో. యార్క్‌కు మాత్రం ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్ళో మరో పెద్ద బంగళా.

ఆ ఫోటోలు చూసినప్పుడు నన్ను ఆపేసింది పిరమిడ్ల రంగు కాదు, ఫిరౌన్. మన ఇళ్ళల్లో ఫిరౌన్ అంటే తిట్టు. గర్వపోతును, జాలిమ్‌ను అనే మాట. అమెరికా నల్ల బానిసలకూ ఒకప్పుడు అంతే. పత్తి చేలల్లో వాళ్ళు పాడుకున్న పాటల్లో వాళ్ళు మూసా ఖౌమ్, తోట యజమాని ఫిరౌన్. సముద్రం చీలుతుందని, బయటపడతామని ఆశ. అదే బానిసల మునిమనవలు అదే జార్జియాలో ఫిరౌన్‌కు ఇల్లు కట్టి, ఆ ఫిరౌన్ మేమే అన్నారు. ఎందుకు? మూసా ఖౌమ్‌గా ఉండి ఉండి అలసిపోయినవాడికి, ఒక్కసారైనా సింహాసనం మీద కూర్చున్నవాడి ఔలాద్ అనిపించుకోవాలని ఉండదా? సముద్రం చీలింది, చట్టం మారింది, అయినా అవతలి ఒడ్డున దొరికింది అదే ఛీత్కారం. అలాంటప్పుడు ఒకడు వచ్చి, మీ తాతలు బానిసలు కారు, పిరమిడ్లు కట్టినవాళ్ళు, ఖండాలు విడిపోక ముందే నైలు లోయ నుంచి నడిచి ఈ జార్జియాకు వచ్చినవాళ్ళు, ఈ నేల మీదే అంటే చెవులప్పగించి వింటారు. ఖండాలు విడిపోయే నాటికి మనుషులే లేరని పటం చూపించి చెప్పొచ్చు. మరి మా తాత ఎవరో చూపించు అని వాళ్ళు అడిగితే చూపించడానికి కాగితం ఏది? తోట యజమాని లెక్కల పుస్తకంలో గుర్రాల పక్కన, గొడ్ల పక్కన ఒక పేరు, ఒక ధర. అంతే కదా.

నవ్వు మన గుమ్మం ముందుకు వస్తుందని మొదట్లో అన్నది ఇందుకే. మన ఇళ్ళల్లో షజరాలు చూడండి. చర్మపు సంచీలోనో, ట్రంకు పెట్టె అడుగునో దాచిన కాగితం. దాని మీద నసబ్ గొలుసు గబగబా మెట్లెక్కి బగ్దాద్‌కో, బుఖారాకో, మక్కాకో చేరుతుంది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ తెలుగు నేల మీద ముసల్మానుల్లో ఎక్కువమంది ఇక్కడి మట్టివాళ్ళమే. మగ్గం నేసినవాళ్ళం, దూది ఏకినవాళ్ళం, రాళ్ళు కొట్టినవాళ్ళం. దూదేకుల సాయిబును సాటి ముసల్మాను నికాకు పనికిరాడన్నాడు, ఊరివాళ్ళు సాయిబు కదా అని దూరం పెట్టారు. అటూ ఇటూ ఇజ్జత్ దొరకని చోట, అరబ్బు తాత ఎంత తియ్యగా ఉంటాడో నాకు తెలుసు. మా అబ్బా కూడా ఒక షజరా రాయించుకున్నాడు. రాసిచ్చినవాడు అడిగింది ఇరవై రూపాయలు. పది రూపాయలకైతే ఎక్కడిదాకా పోయేదని మా దాదీ అడిగింది. అబ్బా మూడు రోజులు మాట్లాడలేదు.

ఇక పట్నం కౌంటీ సంగతి. తెల్లవాళ్ళ చేతిలో అధికారం ఉన్న దక్షిణాది కౌంటీలో వందలమంది నల్లవాళ్ళు వచ్చి పిరమిడ్లు కడితే ఏం జరుగుతుందో అదే జరిగింది. కట్టడాల అనుమతుల మీద కోర్టు తగాదాలు మొదలయ్యాయి. గోదాము అని అనుమతి తీసుకుని నాట్యశాల నడిపారని షెరీఫ్ హోవర్డ్ సిల్స్ దానికి తాళం వేశాడు. ఇది జాతి వివక్ష అని నువాబియన్లు కరపత్రాలు పంచారు. నల్లజాతి పౌరహక్కుల నాయకులు వచ్చి చూసి వెళ్ళారు. అనుమానించడానికి కారణం లేకపోలేదు. దక్షిణాది షెరీఫ్‌లకు ఉన్న చరిత్ర అలాంటిది. పైగా నువాబియన్లు భూమి కొన్న 1993లోనే టెక్సస్‌లోని వేకో దగ్గర ప్రభుత్వ బలగాలు ఒక మత బృందాన్ని చుట్టుముట్టడం, మంటల్లో పిల్లలతో సహా పదులమంది చనిపోవడం లోకమంతా టీవీలో చూసింది.

అందుకని 2002 మే 8న యార్క్‌ను శిబిరంలో కాకుండా, పక్కనున్న మిలెడ్జ్‌విల్‌లో బయట ఉండగా పట్టుకున్నారు. తర్వాతే తమా-రేలోకి పెద్ద బలగం వెళ్ళింది. తుపాకీ పేలలేదు. అభియోగం నాట్యశాలలు, అనుమతుల గురించి కాదు. పిల్లల మీద లైంగిక అత్యాచారాలు, అందుకోసం వాళ్ళని రాష్ట్రాల సరిహద్దులు దాటించడం, అక్రమ సంపాదన. 2003 జనవరిలో యార్క్ నేరం ఒప్పుకుంటూ ఒక ఒప్పందానికి వచ్చాడు. ఆ ఒప్పందంలోని శిక్ష మరీ తక్కువని జడ్జి దాన్ని తోసిపుచ్చాడు. తర్వాత యార్క్ ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నాడు, నేను అమెరికా ఆదివాసి నాయకుణ్ణి, మీ కోర్టుకు నా మీద అధికారం లేదన్నాడు. ప్రచారం ఎక్కువైందని విచారణను సముద్ర తీరాన ఉన్న బ్రన్స్‌విక్ పట్టణానికి మార్చారు. 2004 జనవరి 23న జ్యూరీ నేరస్థుడని తేల్చింది. ఏప్రిల్‌లో 135 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

ఓడలు వస్తాయన్న 2003 సంవత్సరం ఈ మధ్యలోనే గడిచిపోయింది. ఆ ఏడాదంతా ముర్షిద్ జైల్లో ఉన్నాడు. ఇదంతా కుట్ర అని ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఉన్నారు.

ఆ కోర్టు బోనులో నిలబడి గవాహీ ఇచ్చినవాళ్ళు ఎవరో చెప్పాలి. షెరీఫ్ మనుషులు కాదు, పక్క ఊరి తెల్లవాళ్ళు కాదు. జమాత్‌లోనే పెరిగిన పిల్లలు, అప్పటికి యువతీ యువకులు. నల్లపిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలు అత్తరు అమ్మి పిరమిడ్ కట్టినవాళ్ళు. బయట జాతి వివక్ష ఉందన్నది నిజం. లోపల పిల్లలు నలిగిపోతున్నారన్నదీ నిజం. మొదటి నిజాన్ని కోటగోడలా నిలబెట్టి దాని వెనుక రెండోది చేశాడు ఆ మనిషి. తమా-రే గురించి నాకు అర్థమైంది ఇదే. అసలు గోడ ముఖద్వారం దగ్గర లేదు. పరువు పోతుందన్న భయంలో ఉంది.

ఈ గోడ నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా వైపు ఒక ఆమిల్ వచ్చేవాడు. తావీజులు కట్టేవాడు, నీళ్ళు ఊది ఇచ్చేవాడు, మొహల్లా మొత్తం చేతులు ముద్దుపెట్టుకునేది. మా ఖాలా తన కూతురికి ఫిట్స్ వస్తున్నాయని తీసుకెళ్ళింది. మూడోసారి వెళ్ళొచ్చాక ఆ పిల్ల ఇక వెళ్ళనని పట్టుబట్టింది, ఎందుకో తల్లికి చెప్పింది. ఖాలా పెద్దల దగ్గరికి వెళ్ళింది. పెద్దలు వినలేదనను, విన్నారు. విని, నలుగురిలో చెప్పకు బేటీ, బయటివాళ్ళకు తెలిస్తే ఖౌమ్‌ని నవ్వుతారు అన్నారు. అప్పటికి ఊళ్ళో ఏదో ఊరేగింపు గొడవ అయి నెల కూడా కాలేదు. మనవాళ్ళ మీద కేసులున్నాయి. వక్త్ అలాంటిది అన్నారు. వక్త్ ఎప్పుడూ అలాంటిదే ఉంటుంది, దోస్తులారా. మజ్లూమ్ ఖౌమ్‌కు మంచి వక్త్ ఏనాడు వచ్చింది గనుక? ఆ ఆమిల్ ఇంకో నాలుగేళ్ళు వస్తూనే ఉన్నాడు. ఖాలా కూతురు ఇప్పుడు నానీ అయింది. ఇప్పటికీ ఎవరైనా తావీజు పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

తమా-రేను ప్రభుత్వం జప్తు చేసింది. 2005లో పదకొండు లక్షల డాలర్లకు అమ్మేశారు. యంత్రాలు వచ్చి పిరమిడ్లను, స్ఫింక్స్‌ను కూలదోశాయి. కంచె దగ్గర నిలబడి చూస్తే నాకు కనిపించిన గడ్డి ఆ శిథిలాల మీద మొలిచిందే. కొంచెం దూరంలో రాక్ ఈగిల్ రాళ్ళు మాత్రం ఎన్నో వందల ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.

తిరుగు దారిలో నా మనసులో మెదిలింది బ్రన్స్‌విక్. యార్క్ విచారణ జరిగిన ఆ తీరానికి ఉత్తరాన కొద్ది దూరంలో సపెలో అనే దీవి ఉంది. 19వ శతాబ్దం మొదట్లో ఆ దీవి తోటల్లో బిలాలీ ముహమ్మద్ అనే బానిస ఉండేవాడు. పశ్చిమ ఆఫ్రికాలోని ఫూతా జల్లోన్ నుంచి పట్టుకొచ్చారు అతన్ని. నమాజీ, తస్బీహ్ తిప్పేవాడు. అతను అరబీలో రాసిన పదమూడు పేజీల చిన్న పుస్తకం మిగిలింది. ఏ బానిసో రాసుకున్న డైరీ అనుకున్నారు చాలాకాలం. చదవగలిగినవాళ్ళు చదివాక తేలింది, అది మాలికీ ఫిఖ్‌లోని పాఠం అని. ఇబ్న్ అబీ జైద్ అనే పదో శతాబ్దపు ఆలిం రాసిన రిసాలాలోని వుజూ, నమాజ్ మసాయిల్. చిన్నప్పుడు మద్రసాలో నేర్చుకున్నదాన్ని, కితాబ్ లేని చోట, సంకెళ్ళ దేశంలో, జ్ఞాపకం మీద రాసుకున్నాడు ఆ ఇన్సాన్. ఆ కాగితాలు ఇప్పుడు జార్జియా యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉన్నాయి. ఏథెన్స్‌లో. యార్క్ బంగళా కొన్న ఊళ్ళోనే.

అంటే అసలైన షజరా అక్కడే ఉంది. మీ తాతల్లో చదువుకున్న ముసల్మానులు ఉన్నారు అని చెప్పడానికి రిజ్క్ గ్రహం దాకా పోనక్కర్లేదు. ఖండాల్ని జరపనక్కర్లేదు. కానీ ఆ పదమూడు పేజీల గురించి బ్రూక్లిన్ కుర్రాళ్ళకు బడిలో ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాళ్ళు చెప్పని చోట ఖాళీ ఏర్పడుతుంది. ఖాళీ చోటు చూసి దుకాణం తెరిచేవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. యార్క్ అమ్మింది నకిలీ సరుకు. కొన్నవాళ్ళ ఆకలి మాత్రం నకిలీ కాదు.

ఇంకొక్క ముచ్చట చెప్పి ఆపేస్తాను. 1930లలో కొందరు ఆ తీరపు దీవులకు వెళ్ళి ముసలివాళ్ళ జ్ఞాపకాలు రాసుకున్నారు. అప్పటికి అక్కడ అరబీ తెలిసినవాళ్ళు లేరు, అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే. అయినా బిలాలీ వంశంలోని ఒక ముసలమ్మ తన నానమ్మ ఏడాదికొకసారి బియ్యం దంచి, తేనె కలిపి, బిళ్ళల్లాగా ఒత్తి, పిల్లలకు పంచేదని చెప్పింది. ఆ బియ్యపు బిళ్ళల పేరు సరకా. సరకా అంటే ఏమిటో చెప్పినామెకు తెలియదు. మనకు తెలుసు. సదఖా.

నూరేళ్ళకు పైగా బానిసత్వం, భాష పోయింది, మజ్‌హబ్ పోయింది, పేర్లు పోయాయి. ఒక్క లఫ్జ్ మాత్రం పిండిలో కలిసి, పిల్లల చేతుల్లో పడి బతికింది. పిరమిడ్ కట్టలేదు దానికి, పహరా పెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి బిటియా పాప నిద్రపోతోంది. మా బేగం దస్తర్‌ఖ్వాన్ పరిచింది. కూర్చున్నాను. పెద్ద మనవడు అన్నం తింటూ సగం కింద పోశాడు. నా నోటి నుంచి అమ్మీ మాటే వచ్చింది. "రిజ్క్ నీచే నక్కో గిరావ్ బేటా." వాడు తల ఎత్తి, రిజ్క్ అంటే ఏంటి నానా అని అడిగాడు. వాడి పక్కకు జరిగి, కింద పడ్డ మెతుకు ఏరి చూపించి, చెప్పడం మొదలుపెట్టాను.